ఫెడరల్ గ్రాంట్ సొమ్ము ఖర్చుపెట్టే ముందు డిబార్ జాబితా చూడటం ఎలా? మీకే నోటీసు వస్తే ఏం చేయాలి?

అమెరికాలో గుడి కమిటీలు నడిపేవాళ్లు, చిన్న క్లినిక్‌లు పెట్టుకున్నవాళ్లు, పరిశోధన గ్రాంట్లతో కంపెనీలు మొదలుపెట్టినవాళ్లు తిప్పితిప్పి అడిగేవి రెండే ప్రశ్నలు. మేం పని ఇవ్వబోయే కంపెనీ మీద ప్రభుత్వ నిషేధం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలన్నది ఒకటి. సస్పెన్షన్ (తాత్కాలిక నిషేధం) నోటీసో, డిబార్ (కొన్నేళ్ల నిషేధం) చేస్తామన్న నోటీసో మాకే వచ్చింది, ఇప్పుడేం చేయాలన్నది రెండోది. రెండింటికీ జవాబు 2 సీఎఫ్‌ఆర్ 180 అనే నిబంధనల్లోనే ఉంది (సీఎఫ్‌ఆర్ అంటే ఫెడరల్ నిబంధనల సంపుటి). 1986లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన 12549వ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ వీటికి మూలం. ప్రతి శాఖా ఈ నిబంధనలను తన పేరుతో అమల్లోకి తెచ్చుకుంటూ కొన్ని మార్పులు చేర్చుకుంటుంది. ఆరోగ్య శాఖవి 2 సీఎఫ్‌ఆర్ 376లో, హోంల్యాండ్ సెక్యూరిటీవి 3000లో, నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌వి 2520లో ఉంటాయి. అందుకని 180తోపాటు మీకు డబ్బిచ్చే శాఖ భాగాన్ని కూడా తెరిచి చూడండి.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. ఇది శిక్ష కాదు, శిక్షగా వాడకూడదని నిబంధనలోనే రాసి ఉంది. ప్రభుత్వం చూసేది ఒక్కటే: ఈ మనిషి చేతిలో, ఈ సంస్థ చేతిలో ఈ రోజు ప్రజల సొమ్ము పెట్టవచ్చా? కింద చెప్పిన ప్రతి దశలోనూ ఈ ప్రశ్నను దృష్టిలో ఉంచుకోండి. నోటీసుకు జవాబు రాసేవాళ్లలో చాలామంది దీన్ని వదిలేసి పాత గొడవలో ఎవరిది తప్పో తేల్చే పనిలో పడిపోతారు.

మీకు వర్తిస్తుందా?

గ్రాంట్లు, సహకార ఒప్పందాలు, ఫెలోషిప్‌లు, రుణాలు, రుణ హామీలు, సబ్సిడీలు అన్నీ దీని కిందికి వస్తాయి. డబ్బు ఫెడరల్ శాఖ నుంచి నేరుగా వచ్చినా, రాష్ట్రం ద్వారానో యూనివర్సిటీ ద్వారానో చేతులు మారి వచ్చినా తేడా లేదు. మీరు ఇంకొకరికి సబ్‌గ్రాంట్ ఇస్తే దానికి కనీస మొత్తమంటూ లేదు, చిన్న మొత్తమైనా లెక్కలోకి వస్తుంది. గ్రాంట్ డబ్బుతో వస్తువో సేవో కొంటుంటే మాత్రం కాంట్రాక్టు విలువ 25,000 డాలర్లు, అంతకు మించి ఉంటుందనుకున్నప్పుడు వర్తిస్తుంది. ఫెడరల్ అధికారి అనుమతి అవసరమైన కాంట్రాక్టులకు, ఫెడరల్ నిబంధన ప్రకారం చేయించే ఆడిట్‌కు ఈ పరిమితి కూడా లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ ఊరి గుడికి ఫెడరల్ విపత్తుల సంస్థ ఫెమా ఇచ్చే నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంట్ వచ్చింది. డబ్బు రాష్ట్ర కార్యాలయం నుంచి గుడికి వస్తుంది, గుడి కెమెరాలు, గేట్లు పెట్టించడానికి ఒక కంపెనీకి 40,000 డాలర్ల పని ఇస్తుంది. ఇక్కడ గుడి మీద నిషేధం లేదని రాష్ట్రం సరిచూసుకోవాలి, ఆ కంపెనీ మీద లేదని గుడి సరిచూసుకోవాలి. “మేం సేవాసంస్థ, మాకెందుకు?” అనే మాట చెల్లదు.

సోషల్ సెక్యూరిటీ పింఛనులా వ్యక్తిగత హక్కుగా వచ్చే సొమ్ముకూ, ఫెడరల్ ఉద్యోగానికీ, లైసెన్సులూ పర్మిట్లకూ ఈ నిబంధనలతో సంబంధం లేదు. డిబార్ అయితే పెద్దాయన పింఛను ఆగిపోతుందా అని భయపడేవాళ్లున్నారు. ఆగదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- గ్రాంట్ ఒప్పందం పూర్తి కాపీ, దాని వెనక ఉండే షరతుల పేజీలతో సహా
- అవతలి సంస్థ చట్టబద్ధమైన పేరు, వ్యాపారానికి వాడే వేరే పేర్లు, చిరునామా, 12 అక్షరాల యూఈఐ నంబరు (ఫెడరల్ ప్రభుత్వం సంస్థకు ఇచ్చే గుర్తింపు నంబరు). 2022 ఏప్రిల్ నుంచి పాత డన్స్ నంబరు బదులు ఇదే నడుస్తోంది
- మీ వైపు ముఖ్యుల జాబితా, వాళ్ల పేర్లు పాస్‌పోర్టులోనూ డ్రైవర్ లైసెన్సులోనూ ఎలా ఉన్నాయో అలాగే
- తేదీలవారీగా కాగితాలు దాచడానికి ఒక ఫోల్డర్

దీనికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. నిషేధాల జాబితా ఉండే ఫెడరల్ వెబ్‌సైట్ సామ్ డాట్ గవ్‌లో వెతకడమూ ఉచితమే, రిజిస్ట్రేషనూ ఉచితమే. “మీ రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తోంది, వెంటనే ఫీజు కట్టండి” అంటూ వచ్చే ఈమెయిళ్లు ప్రైవేటు కంపెనీలవి. కొన్ని అచ్చం ప్రభుత్వ లేఖల్లాగే ఉంటాయి.

మొదటి భాగం: సంతకం పెట్టే ముందు

1. ముఖ్యులు ఎవరో రాసుకోండి. నిబంధనలో ప్రిన్సిపల్ అంటే యజమాని ఒక్కడే కాదు. ఆఫీసర్లు, డైరెక్టర్లు, భాగస్వాములు, పరిశోధన గ్రాంట్ అయితే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్, ఆ పనిని పర్యవేక్షించే మేనేజర్లు అందరూ వస్తారు. జీతం తీసుకోకపోయినా ఫెడరల్ డబ్బు చేతిలో మెదిలే కోశాధికారి, ఖర్చు మీద మాట చెల్లే సలహాదారు కూడా వస్తారు. గుడి కమిటీలు బోల్తా పడేది ఇక్కడే. అధ్యక్షుడి పేరొక్కటి చూసి ఊరుకుంటారు, చెక్కుల మీద సంతకం పెట్టే వలంటీరును మర్చిపోతారు.

2. సామ్ డాట్ గవ్‌లో ఎక్స్‌క్లూజన్స్ విభాగం తెరవండి. సంస్థను మొదట యూఈఐతో వెతకండి, తర్వాత పేరుతో వెతకండి. రెండూ చేయాలి. నిషేధంలో ఉన్న చాలా సంస్థలకు, మనుషులకు అసలు యూఈఐ ఉండదు, కాబట్టి నంబరుతో వెతికితే ఏమీ రాలేదన్నంత మాత్రాన ఆ పేరు జాబితాలో లేదని కాదు.

3. మన పేర్లకు అదనపు శ్రమ తప్పదు. లక్ష్మిని ఇంగ్లీషులో కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్లున్నారు, ఎక్స్‌తో రాసేవాళ్లున్నారు. చౌదరికి ఎన్ని స్పెల్లింగులున్నాయో మనకు తెలిసిందే. ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్లు, చివర రాసుకునేవాళ్లు, ఇనీషియల్‌తో సరిపెట్టేవాళ్లు ఉన్నారు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినందుకు అమెరికా కాగితాల మీద మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని ఉన్నవాళ్లూ ఉన్నారు. కనీసం మూడు రకాలుగా వెతకండి: పూర్తి పేరు, ఇంటిపేరు మాత్రం, వేరే స్పెల్లింగు. పెళ్లికి ముందు పేరుంటే అదీ చూడండి.

4. పేరు కలిస్తే వెంటనే తీర్పు చెప్పకండి. శ్రీనివాసరావులు ఎంతమంది లేరు! రికార్డులో ఊరు, రాష్ట్రం, నిషేధం విధించిన శాఖ పేరు ఉంటాయి. వాటిని పోల్చి చూడండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదా పన్ను నంబరు ఇచ్చి, రికార్డులోని పేరుతో సరిపోతుందో లేదో చూసే వెసులుబాటు కూడా ఉంది. అప్పటికీ తేలకపోతే రికార్డులో ఉన్న శాఖకే రాసి అడగండి. జవాబు వచ్చేదాకా సంతకం ఆపండి. ఆ మనిషికి మాత్రం విషయం మర్యాదగా, ఏకాంతంగా చెప్పండి. కమిటీ వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టకండి. పేరు కలిసినంత మాత్రాన పరువు తీసినవాళ్లవుతారు.

5. రికార్డు రకం చదవండి. విచారణ నడుస్తోంది, విచారణ పూర్తయింది, స్వచ్ఛందంగా తప్పుకున్నారు, ఫలానా పనికి మాత్రమే పరిమితి అని నాలుగు రకాలుంటాయి. విచారణ నడుస్తోందన్న రకాన్ని “ఇంకా తేలలేదుగా” అని తేలిగ్గా తీసుకుంటారు. ఆ రికార్డు ఉన్నంతకాలం వాళ్లు అనర్హులే. స్వచ్ఛందంగా తప్పుకున్నా అంతే. ముగింపు తేదీ చూడండి, నిరవధికమని కూడా ఉండొచ్చు.

6. ఆరోగ్య రంగమైతే రెండో జాబితా కూడా. క్లినిక్, ఫార్మసీ, హోం హెల్త్, నర్సుల స్టాఫింగ్ నడిపేవాళ్లు ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం పెట్టే జాబితాను విడిగా చూడాలి. దాన్ని ఎల్‌ఈఐఈ అంటారు. నెలకోసారి మారుతుంది, అందుకే నెలనెలా చూడమని ఆ కార్యాలయమే సలహా ఇస్తుంది. పేరు కలిస్తే సోషల్ సెక్యూరిటీ నంబరుతో అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. ఆ జాబితాలో ఉన్న డాక్టరు రాసిన మందుకు, చేసిన సేవకు మెడికేర్, మెడికెయిడ్ చెల్లించవు. బిల్లింగ్ పని చేసే ఉద్యోగి ఆ జాబితాలో ఉన్నా చిక్కే.

7. వెతికిన రుజువు దాచండి. ఫలితాల పేజీని పీడీఎఫ్‌గా దాచి తేదీ, వెతికిన పేరు, వెతికినవాళ్ల పేరు రాయండి. ఏమీ దొరకలేదన్న పేజీని కూడా దాచండి, ఆడిటరు అడిగేది దాన్నే. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల ఫెడరల్ సొమ్ము ఖర్చుపెట్టే సంస్థలకు సింగిల్ ఆడిట్, అంటే ఫెడరల్ సొమ్మంతటినీ కలిపి చేసే ఆడిట్, తప్పనిసరి. 2024 అక్టోబర్ 1కి ముందు మొదలైన సంవత్సరాలకు ఈ హద్దు 7,50,000. ఆ ఆడిట్‌లో కొనుగోళ్లు, సస్పెన్షన్, డిబార్‌మెంట్ కలిపి ఒక ప్రత్యేక తనిఖీ అంశం.

ప్రత్యామ్నాయం. వెతకడం ఒక్కటే దారి కాదు. అవతలివాళ్ల నుంచి “మేమూ మా ముఖ్యులూ నిషేధంలో గానీ అనర్హతలో గానీ లేము” అని రాతపూర్వక ధ్రువీకరణ తీసుకోవచ్చు, లేదా కాంట్రాక్టులోనే ఆ షరతు పెట్టవచ్చు. నిబంధన ప్రకారం ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా చాలు. నా సలహా మాత్రం వెతకడం, కాంట్రాక్టులో షరతు పెట్టడం రెండూ చేయమనే. వెతకడానికి పట్టేది పది నిమిషాలు. ధ్రువీకరణ కాగితాన్ని మాత్రమే నమ్ముకుంటే, జాబితాలో పేరు ఉందని తర్వాత బయటపడినప్పుడు “మీరెందుకు చూడలేదు?” అన్న ప్రశ్నకు మీ దగ్గర మాట ఉండదు.

8. మీ గురించి మీరు చెప్పాల్సినవి చెప్పండి. ఫెడరల్ శాఖతో నేరుగా ఒప్పందం చేసుకునే ముందు నాలుగు విషయాలు తెలియజేయాలి. మీరు గానీ మీ ముఖ్యులు గానీ ఇప్పుడు నిషేధంలో ఉన్నారా? గత మూడేళ్లలో మోసం, లంచం, తప్పుడు లెక్కలు, పన్ను ఎగవేత లాంటి నేరానికి శిక్షపడిందా, అలాంటి వ్యవహారంలో సివిల్ తీర్పు వచ్చిందా? అలాంటి అభియోగం ఇప్పుడు నడుస్తోందా? గత మూడేళ్లలో ప్రభుత్వ ఒప్పందం ఏదైనా మీ తప్పువల్ల రద్దయిందా?

చెబితే డబ్బు రాదేమోనని దాచేవాళ్లకు ఒక మాట. చెప్పినంత మాత్రాన గ్రాంట్ పోదని నిబంధనలోనే ఉంది, పరిస్థితులన్నీ చూసి నిర్ణయిస్తారు. దాచారని తేలితే మాత్రం ఒప్పందం రద్దు చేయవచ్చు, ఇంకా ముందుకూ వెళ్లవచ్చు. సంతకం పెట్టాక కొత్త విషయం తెలిస్తే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి. మీరు కింది అంచెలో ఉంటే, అంటే రాష్ట్రం నుంచో యూనివర్సిటీ నుంచో డబ్బు తీసుకుంటుంటే, చెప్పాల్సింది ప్రస్తుతం నిషేధంలో ఉన్నారా అన్నదొక్కటే. పైవాళ్లు ఫారంలో ఇంకా అడిగితే అదీ పూరించండి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ల్యాబ్ నడుపుతూ అమెరికా యూనివర్సిటీ నుంచి సబ్‌అవార్డ్ తీసుకునేవాళ్లకూ ఇదే కాగితం వస్తుంది. విదేశీ సంస్థలం కదా అనుకోకండి. చైనాలోని వుహాన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీని అమెరికా ఆరోగ్య శాఖ 2023లో పదేళ్లపాటు డిబార్ చేసింది. రిజిస్ట్రార్ కార్యాలయంలో గుమాస్తా సంతకం పెట్టి పంపేసే కాగితం కాదిది. ముఖ్యులందర్నీ అడిగాకే పంపండి.

పని మధ్యలో అవతలివాళ్లు నిషేధంలో పడితే? అప్పటికే నడుస్తున్న కాంట్రాక్టును కొనసాగించవచ్చు, ఆపాలని తప్పనిసరి కాదు. కానీ పొడిగించకూడదు, రెన్యువల్ చేయకూడదు, కొత్త పని కలపకూడదు. అదనపు ఖర్చు లేకుండా గడువు మాత్రం పెంచడానికి అడ్డులేదు. ఏం చేసినా మీకు డబ్బిచ్చే కార్యాలయంతో మాట్లాడి, వాళ్ల జవాబు రాతలో తీసుకుని చేయండి. నిషేధం ఉందని తెలిసీ కొత్త కాంట్రాక్టు ఇస్తే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది, మిమ్మల్ని డిబార్ చేయడానికి కూడా అదొక కారణం.

రెండో భాగం: నోటీసు మీకే వస్తే

9. అందిన తేదీ రాసుకోండి. ప్రతివాదం పంపడానికి అందిన నాటి నుంచి 30 రోజులు. ఇల్లు మారి పాత చిరునామాకు వెళ్లిందన్నది సాకు కాదు. ఆఖరుగా తెలిసిన చిరునామాకు పంపిన ఉత్తరం చేరక తిరిగొచ్చినా, పంపిన ఐదు రోజులకు అందినట్టే లెక్కిస్తారు. సంస్థ చిరునామా, ఈమెయిల్ సామ్‌లో ఎప్పటికప్పుడు మార్చుకోమని చెప్పేది ఇందుకే. సమయం చాలకపోతే గడువు ముగియకముందే రాతపూర్వకంగా పొడిగింపు అడగండి.

10. ఏ నోటీసో తేల్చుకోండి. ఇక్కడే ఎక్కువ గందరగోళం.

సస్పెన్షన్ అయితే అధికారి సంతకం పెట్టిన క్షణం నుంచే అమల్లో ఉంటుంది, ముందుగా మిమ్మల్ని అడగరు. నేరాభియోగ పత్రం గానీ వేరే తగినంత ఆధారం గానీ ఉండి, ప్రజాప్రయోజనం కోసం వెంటనే ఆపాల్సిన అవసరం కూడా కనిపిస్తే సస్పెండ్ చేయవచ్చు. మామూలుగా 12 నెలల వరకు ఉంటుంది, న్యాయశాఖ అడిగితే ఇంకో ఆరు నెలలు పెంచవచ్చు. ఈలోగా కోర్టు కేసో డిబార్‌మెంట్ ప్రక్రియో మొదలైతే అది తేలేదాకా నడుస్తుంది.

డిబార్ చేయాలనుకుంటున్నామన్న నోటీసు వేరు. గ్రాంట్ల నిబంధనల కింద వచ్చినదైతే అది ప్రతిపాదన మాత్రమే, తుది నిర్ణయం మీద సంతకం పడేదాకా మీరు అర్హులే. ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనల కింద వచ్చినదైతే ప్రతిపాదనతోనే జాబితాలోకి ఎక్కుతారు. కొనుగోళ్ల నిబంధనలను ఫార్ అంటారు. నోటీసు మొదటి పేజీలో ఏ నిబంధన నంబరు వేశారో చూస్తే తెలిసిపోతుంది. ఏ దారిన నిషేధం వచ్చినా ఫలితం ఒకటే: గ్రాంట్లూ కాంట్రాక్టులూ రెండూ, అన్ని శాఖల్లోనూ మూసుకుపోతాయి.

11. ఒక్క కాగితం కూడా ముట్టుకోకండి. ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు, టైమ్‌షీట్లు, ఖాతా పుస్తకాలు ఏవీ తీసేయొద్దని ఉద్యోగులందరికీ రాతలో చెప్పండి. వెనక తేదీ వేసి కొత్త కాగితం సృష్టించాలనే ఆలోచన రానీయకండి. రికార్డులు తారుమారు చేయడం, నాశనం చేయడం నిషేధానికి కారణాల జాబితాలోనే ఉన్నాయి. అసలు ఆరోపణ చిన్నదై, దాన్ని కప్పిపుచ్చబోయి చేసింది పెద్దదైతే ఇక మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు.

12. వాళ్ల దగ్గరున్న రికార్డు అడగండి. ఏ కాగితాల ఆధారంగా నోటీసు ఇచ్చారో ఆ కాపీలు కావాలని మొదటి వారంలోనే రాయండి. అవి చూడకుండా జవాబు రాయడం చీకట్లో బాణం వేయడమే.

13. లాయరును పెట్టుకోండి, సరైన లాయరును. ఇది ఫెడరల్ సస్పెన్షన్, డిబార్‌మెంట్ మీద పనిచేసే లాయర్ల పని. హెచ్‌1బీ ఫైల్ చేసిపెట్టే మీ ఇమిగ్రేషన్ లాయరుది కాదు. నేర విచారణ కూడా నడుస్తుంటే ఆ లాయరుతో కలిసి కూర్చోపెట్టండి, ఇక్కడ రాసిన ప్రతి వాక్యం అక్కడ వాడుకోవచ్చు. గ్రీన్‌కార్డ్ సంగతేమిటని చాలామంది అడుగుతారు. డిబార్ జాబితా వలస శాఖ నిర్ణయం కాదు, కానీ దాని వెనకున్న నేరశిక్ష వలస స్థితిని దెబ్బతీయవచ్చు. ఆ ఒక్క ముక్కకు ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

14. జవాబు రాయండి. ఈ దశ మీద మిగతావాటికంటే ఎక్కువ సమయం పెట్టండి.

“మేం ఏ తప్పూ చేయలేదు, ఆరోపణలన్నీ అబద్ధం” అని రాస్తే జవాబు ఇవ్వనట్టే. మొత్తంగా కాదనడం సరిపోదని నిబంధనలో స్పష్టంగా ఉంది. నోటీసులోని ఒక్కో పేరానూ తీసుకుని, ఏది నిజమో, ఏది తప్పో, తప్పని చూపే కాగితం ఏదో రాయాలి. ఉదాహరణకు “మార్చి నెల టైమ్‌షీట్లు కల్పితం” అని ఉంటే, ఆ నెలలో ఎవరు పనిచేశారు, జీతం బ్యాంకులో ఎప్పుడు పడింది, పని ఫలితం ఎక్కడుందో చూపండి.

దీంతోపాటు తప్పనిసరిగా ఇవ్వాల్సినవి ఇంకో మూడున్నాయి: మీ మీద ఇప్పుడున్న, ప్రతిపాదనలో ఉన్న, గతంలో ఉన్న నిషేధాలు; నోటీసులో లేని క్రిమినల్, సివిల్ వ్యవహారాలు, ఇదే విషయానికి సంబంధించినంత వరకు; మీ అనుబంధ సంస్థల పేర్లు. అనుబంధం అంటే ఒకరి మీద ఒకరికి పట్టు ఉండటం. ఒకే యాజమాన్యం, కుటుంబ ప్రయోజనాలు, ఒకే ఆఫీసు, ఒకే ఉద్యోగులు ఉంటే అనుబంధమే అంటారు. నిషేధం పడ్డాక భార్య పేరు మీదో, బావమరిది పేరు మీదో కొత్త కంపెనీ పెట్టి అదే పని చేద్దామనుకునేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి: నిషేధం తర్వాత అదే యాజమాన్యంతో పుట్టిన సంస్థ కూడా అనుబంధ సంస్థే.

జవాబులో రెండో సగం మొదట చెప్పిన ప్రశ్నకు, అంటే ఈ రోజు మీ చేతిలో ప్రజల సొమ్ము పెట్టవచ్చా అన్నదానికి, వెళ్లాలి. కారణం ఉందని నిరూపించే బరువు ప్రభుత్వానిది, కాదనడం కంటే అవుననడానికి ఎక్కువ ఆధారం ఉంటే చాలు. అది తేలాక, ఇప్పుడు మమ్మల్ని నమ్మవచ్చని చూపే బరువు మీ మీద పడుతుంది. అధికారి చూసే అంశాలు నిబంధనలోనే వరసగా ఉన్నాయి: నష్టం ఎంత, ఒకసారా పదేపదేనా, పథకం వేసింది ఎవరు, తప్పు ఒప్పుకున్నారా, డబ్బు తిరిగి కట్టారా, విచారణకు సహకరించారా, మీరే ముందుగా వచ్చి చెప్పారా, బాధ్యులైన ఉద్యోగుల మీద చర్య తీసుకున్నారా, మళ్లీ జరగకుండా ఏం మార్చారు. ఒక్కోదానికి ఒక్కో శీర్షిక పెట్టి, కింద రుజువు జతచేయండి. “ఇకమీదట జాగ్రత్తగా ఉంటాం” అన్నది రుజువు కాదు. కొత్త ఖాతాల పద్ధతి అమల్లోకి తెచ్చిన బోర్డు తీర్మానం, శిక్షణకు హాజరైనవాళ్ల సంతకాలు, తిరిగి కట్టిన చెక్కు కాపీ అయితే రుజువు.

15. స్వయంగా మాట్లాడే అవకాశం అడగండి. కోర్టు విచారణలా ఉండదు, సాక్ష్యాల కఠిన నియమాలు ఉండవు. లాయరు మాట్లాడవచ్చు, కానీ సంస్థ నడిపే మనిషి వచ్చి కూర్చుని అడిగినదానికి సూటిగా జవాబు చెబితే అధికారికి నమ్మకం కుదురుతుంది. వాస్తవాల మీద నిజమైన వివాదం ఉంటే విడిగా వాస్తవ విచారణ కోరవచ్చు. నేరశిక్ష మీదో సివిల్ తీర్పు మీదో ఆధారపడిన కేసుల్లో ఆ అవకాశం ఉండదు. అక్కడ “నేను చేయలేదు” అన్న వాదన తెరవకండి, నేరుగా ఇప్పటి బాధ్యత దగ్గరకు వెళ్లండి.

16. రాజీ దారి గురించి అడగండి. పాలనాపరమైన ఒప్పందం అనే దారి ఉంది. నిషేధం బదులు ఫలానా మార్పులు చేస్తామని, బయటి పరిశీలకుణ్ని పెట్టుకుంటామని సంతకం చేస్తారు. మెక్సికో గల్ఫ్‌లో చమురు ప్రమాదం తర్వాత 2012 నవంబర్‌లో పర్యావరణ సంస్థ ఈపీఏ బీపీ కంపెనీని సస్పెండ్ చేసింది, 2014 మార్చిలో ఐదేళ్ల ఒప్పందంతో ఎత్తేసింది. చిన్న సంస్థలూ ఇది అడగవచ్చు. ఇంకో దారి స్వచ్ఛందంగా తప్పుకోవడం. గుర్తుంచుకోండి, అదీ జాబితాలో కనిపిస్తుంది, ఆ కాలమంతా దాని ప్రభావం డిబార్ లాంటిదే.

17. నిర్ణయం. రికార్డు ముగిసిన (అంటే కాగితాలూ వాదనలూ తీసుకోవడం పూర్తయిన) 45 రోజుల్లోపు రాతపూర్వక నిర్ణయం రావాలి, తగిన కారణం ఉంటే పొడిగిస్తారు. డిబార్ కాలం సాధారణంగా మూడేళ్లు మించకూడదు. సాధారణంగా అన్న మాటను గట్టిగా పట్టుకోండి, తీవ్రతను బట్టి పెరగవచ్చు. ఎకోహెల్త్ అలయన్స్ సంస్థను ఆరోగ్య శాఖ 2024 మేలో సస్పెండ్ చేసి, 2025 జనవరిలో ఐదేళ్లకు డిబార్ చేసింది. సస్పెన్షన్‌లో గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకోమని మీరే అడగండి.

నిర్ణయం వ్యతిరేకంగా వచ్చినా తలుపు పూర్తిగా మూసుకోదు. కొత్త ఆధారం దొరికినా, ఆధారంగా నిలిచిన శిక్ష పై కోర్టులో కొట్టేసినా, యాజమాన్యం నిజంగా మారినా పునఃపరిశీలన కోరవచ్చు. కాగితం మీద మాత్రమే మారిన యాజమాన్యం లెక్కలోకి రాదు. ఆ తర్వాత ఫెడరల్ కోర్టు ఉంది, కానీ కోర్టు సాధారణంగా చూసేది అధికారి ముందున్న రికార్డునే. 14వ దశలో పెట్టని కాగితం అక్కడ పెట్టడం చాలా కష్టం.

తరచూ జరిగే పొరపాట్లు

25,000 దాటకుండా ఒకే పనిని రెండు బిల్లులుగా విడగొట్టడం. ఆడిటరు మొదట వెతికేది అదే కంపెనీకి అదే నెలలో వెళ్లిన రెండో చెక్కును.

కాంట్రాక్టు మొదట్లో ఒకసారి వెతికి ఊరుకోవడం. ముఖ్యుల్ని ఎంత తరచుగా చూడాలో నిబంధన మీ ఇష్టానికే వదిలింది. ఆ ఇష్టమేదో రాతలో పెట్టుకోండి. రెన్యువల్‌కు ముందు, కొత్త కమిటీ వచ్చినప్పుడు తప్పకుండా చూడండి.

సామ్‌లో రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉంది కాబట్టి నిషేధం లేదనుకోవడం. రెండూ వేర్వేరు రికార్డులు.

వైద్య జాబితాలో గడువు తీరగానే పేరు దానంతటదే పోతుందనుకోవడం. పోదు. ఎల్‌ఈఐఈలో ఉన్నవాళ్లు పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకుని, మంజూరు ఉత్తరం చేతికి వచ్చాకే పనిలో చేరాలి. గడువుకు 90 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నిషేధంలో ఉన్న మనిషిని పదవి నుంచి తప్పించామని చెప్పి, సలహాదారుగా పక్కన కూర్చోబెట్టుకోవడం. జీతం లేకపోయినా, ఖర్చు మీద మాట చెల్లుతుంటే ముఖ్యుడే.

సరిగ్గా చేశామో లేదో ఎలా చూసుకోవాలి

మీ ఫోల్డర్‌ను ఈ వ్యవహారం తెలియని కమిటీ సభ్యుడికి ఇవ్వండి. ఎవరిని, ఏ తేదీన, ఏయే పేర్లతో, ఏ జాబితాలో వెతికారో మిమ్మల్ని అడగకుండా ఆయన చెప్పగలగాలి. వెతికిన తేదీ కాంట్రాక్టు సంతకం తేదీకి ముందు ఉండాలి. తర్వాత ఉంటే అది ఆడిట్‌లో లోపమే. అప్పుడు తేదీ మార్చకండి, ఆలస్యంగా చూశామని ఒక నోట్ రాసి జతచేయండి.

నోటీసు వ్యవహారం ముగిసినవాళ్లు మీకు అనుకూలంగా నిర్ణయం వచ్చిన వారం తర్వాత సామ్‌లో మీ పేరు మీరే వెతకండి. సస్పెన్షన్ ఎత్తేసినా రికార్డు యాక్టివ్‌గానే కనిపిస్తుంటే నిర్ణయం కాపీ జతచేసి, రికార్డు పెట్టిన శాఖకే రాయండి. సామ్ హెల్ప్ డెస్క్ ఆ రికార్డును మార్చలేదు. బ్యాంకులూ ప్రైవేటు బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలూ పాత కాపీలు పెట్టుకుని ఉండొచ్చు, కాబట్టి నిర్ణయం ఉత్తరాన్ని ఎప్పుడడిగినా తీసివ్వగలిగేలా దాచుకోండి.